రొట్టె ఫ్లెక్సీలో ఉంగరం

మహబూబ్‌నగర్ నుంచి హుజూర్‌నగర్ దాకా బస్సులో పోయే ఓపిక మీకుంటే, కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా బిర్యానీ హోటళ్ల ఫ్లెక్సీలు చూడండి. అన్నిటి మీదా ఒకటే బిర్యానీ ఉంటుంది. అదే రాగి హండీ, అదే కోడి కాలు, పక్కన అదే పుదీనా రెమ్మ. ఆ కోడి ఏ దేశంలో పుట్టిందో, దాన్ని ఎవరు వండారో, చివరికి ఎవరు తిన్నారో నాకు తెలియదు. నెట్‌లో దొరికింది. ఆత్మకూర్‌లో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా ఉన్న రోజుల్లో ఆ ఒక్క కాలితోనే రెండు జిల్లాలకు నోరూరించాను.

డిజైనర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. బొమ్మ తేవాలి, రంగు పెంచాలి, పైన పొగ పెట్టాలి. పొగకు కంప్యూటర్‌లో వేరే బ్రష్ ఉంటుంది. ఆ తర్వాత అసలు పని, ముఖాలు పెట్టడం. హోటల్ ఓపెనింగ్ ఫ్లెక్సీలో మెతుకుల కంటే ముఖాలే ఎక్కువ. యజమాని, యజమాని బాపు, బావమరిది, ఆ బావమరిదికి ఎప్పుడో షేక్‌హ్యాండ్ ఇచ్చిన నాయకుడు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పెళ్లికి ఫ్లెక్సీ, పోతే కన్నీటి ఫ్లెక్సీ. అందుకే మా దిక్కు జనానికి ఒక గట్టి నమ్మకం ఉండేది. ఫ్లెక్సీ మీద కనిపించే మనిషి ఎక్కడో ఒకచోట నిజంగా ఉండి తీరాలి.

ఇలా ప్రశాంతంగా పొగలు పెట్టుకుంటూ బతుకుతుంటే ఫోన్లలో ఆ వీడియోలు మొదలయ్యాయి. తిండి ప్రకటనల్లో మనకు తెలియకుండా దాచిపెట్టే బొమ్మల వీడియోలు. కూల్‌డ్రింక్ గ్లాసులోని ఐసుముక్కలో పుర్రె ఉంటుందట. బిస్కెట్టు మీది గీతల్లో ఆడమనిషి ఒంపులు ఉంటాయట. మన కన్ను చూడకపోయినా మన బుర్ర చూసేస్తుందట, అందుకే చేయి దానంతటదే జేబులోకి పోతుందట. దయ్యాల సినిమాలో మాట్లాడినట్టు ఒకాయన గొంతు తగ్గించి చెబుతుంటే, ఐసుముక్క చుట్టూ ఎర్రటి వృత్తం తిరుగుతుండేది.

మా షాపు యజమానిని మేం సేటు అనేవాళ్లం. మంచి మనిషి. నమాజు వేళ తప్ప మిగతా వేళంతా ఆ వీడియోల్లోనే ఉండేవాడు.

“ఇటు రా బేటీ, గీ ఐసుల ఏం కనవడ్తుందో సూడు,” అని పిలిచేవాడు.

చూస్తే ఐసు కనపడేది.

“గట్ల గాదు. జర కండ్లు చిన్నగ జేసి సూడు.”

కళ్లు చిన్నవి చేస్తే ఐసు కూడా సరిగ్గా కనపడేది కాదు. సేటు నా చదువు మీద జాలిపడి తన టీ తాను తాగేవాడు.

కొన్నాళ్లకు ఊరూరా అందరూ కళ్లు చిన్నవి చేసి చూడటం నేర్చారు. ఒక మిర్చి బజ్జీల ఆయన కొత్త ఫ్లెక్సీని మడతపెట్టి వెనక్కి తెచ్చాడు, మూడో బజ్జీలో పాము ఉందని. నాకు బజ్జీలో మిరపకాయే కనపడింది. ఆయన్ని కూర్చోబెట్టి బజ్జీని కొంచెం పక్కకు తిప్పాను. పాము వెళ్లిపోయిందని సంతోషించాడు. ఇంకొకాయనకు పెరుగు గిన్నెలో పొలం పంచుకున్న తన పాలివాడి మీసం కనపడింది. ఆ గొడవ పెరుగుతో పోలేదు, పొలం గట్టు దాకా వెళ్లింది. నేను ఇంటికొచ్చి అమ్మకు ఇవన్నీ చెబితే కడుపు పట్టుకుని నవ్వేది.

మా ఊరు ఆత్మకూర్ పోయే రోడ్డు మీదే ఉంటుంది. మా వాడ మాత్రం ఊరికి అవతల ఉంటుంది. మా తాతల నాడే చర్చికి పోవడం మొదలుపెట్టారు. దేవుడు మారాడు గానీ వాడ మారలేదు. ఊళ్లో టీ హోటల్లో ఒకప్పుడు మాకు వేరే గ్లాసులు ఉండేవి. కాగితం గ్లాసులు వచ్చాక ఆ బాధ పోయింది. తాగి పారేసే గ్లాసు కాబట్టి అందరికీ ఒకటే గ్లాసు. మా ఊరి సంస్కర్త ఎవరని అడిగితే నేను కాగితం గ్లాసు పేరే చెబుతాను.

బాపు పోయాక అమ్మ కూలికి పోయి నన్ను డిగ్రీ దాకా చదివించింది. మోకాళ్లు మొరాయించాక ఇక వంగలేనని చెప్పి, రోడ్డు పక్కన ఒక చిన్న షట్టరు కిరాయికి తీసుకుని జొన్న రొట్టెలు పెట్టింది. కాలం కూడా కలిసొచ్చింది. జొన్న రొట్టె తినేవాళ్లను చూసి ముక్కు విరిచిన ఇళ్లన్నిటికీ షుగరు వచ్చింది. దవాఖానలో డాక్టర్లు చీటీ మీద మందుల కింద జొన్న రొట్టె అని కూడా రాయడం మొదలుపెట్టారు. లారీ డ్రైవర్లు, బస్సు దిగినవాళ్లు, మా వాడవాళ్లు అమ్మ దగ్గర కొనేవాళ్లు. ఊళ్లోవాళ్లు మాత్రం షుగరు మాత్రలు మింగుతూ మా షట్టరు ముందు నుంచే ఆత్మకూర్ పోయి రొట్టెలు తెచ్చుకునేవాళ్లు.

అమ్మకు అదొక్కటే బాధ. వాళ్ల చేలల్లో జొన్న కోసింది అమ్మే. కంకులు కొట్టి, తూర్పారబట్టి, బస్తాకెత్తింది అమ్మే. అన్నాళ్లూ ఆ చేతికి ఏ దోషమూ లేదు. జొన్న పిండై, పిండి రొట్టె అయిన క్షణం నుంచే ఆ చేయి పనికిరాకుండా పోయింది. ఇందులో ఏ శాస్త్రం ఉందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

షట్టరుకు ఫ్లెక్సీ చేయిస్తానంటే అమ్మ ఒక షరతు పెట్టింది.

“నీ నెట్ల బొమ్మలు నాకొద్దు బిడ్డ. రొట్టె కొట్టే నా చెయ్యే పెట్టు.”

“ఎందుకమ్మా? మంచి మంచి బొమ్మలున్నయి.”

“ఎవలు జేసిన్రో దెల్వకుంట తింటే గదేం తినుడు? మనూరోళ్లు నా చెయ్యి సూసి, నా చెయ్యని దెల్సే తినాలె.”

నా ఫోనుతోనే తీశాను. తడి అద్దుకుని, పీట మీద రొట్టెను గుండ్రంగా తిప్పుతూ కొడుతున్న చేయి. నల్లటి చేయి, వేళ్ల మధ్య తెల్లటి పిండి. ఉంగరపు వేలికి చర్చిలో పెళ్లినాడు బాపు తొడిగిన సన్నటి వెండి ఉంగరం. కణుపులు లావై అది ఎన్నేళ్ల నుంచో ఊడిరావడం లేదు, ఊడదీయాలని అమ్మకూ లేదు. ఆ బొమ్మకు నేను పొగ పెట్టలేదు, రంగు పెంచలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన నిజాయితీ గల ఫ్లెక్సీ అదొక్కటే. అది కట్టిన సాయంత్రం అమ్మ రోడ్డుకు అవతల నిలబడి చాలాసేపు చూసుకుంది.

ఆ తర్వాత సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, సామాన్లే గుర్తులు. మా ఊరి పోటీ ఉంగరానికీ కత్తెరకూ పడింది. సీటు మహిళలది. ఉంగరం గుర్తు ఇంకొకామెకు వచ్చింది. కత్తెర గుర్తు మీద నిలబడింది మా ఊళ్లో అందరూ పటేలు అని పిలిచే ఆయన భార్య. నిలబడింది ఆమె అని కాగితాల మీద ఉంది. ఆమె ఫ్లెక్సీ నేనే చేశాను. ఫ్లెక్సీ నిండా పటేలు ముఖం ఉంటుంది, పక్కన కత్తెర ఉంటుంది, కత్తెర సందులో జాగా మిగిలితే భార్య ఉంటుంది. దాచిన బొమ్మ కోసం ఎవరైనా వెతకాలంటే అక్కడ వెతకవచ్చు.

ఒక సాయంత్రం పటేలు బండి మా షట్టరు ముందు ఆగింది. ఎన్నడూ కళ్లు తెరిచి మా షట్టరు వైపు చూడని మనిషి, ఆరోజు కళ్లు చిన్నవి చేసి మరీ ఫ్లెక్సీని చూశాడు. ఆయన కూడా ఆ వీడియోలు చూస్తాడని నాకు అప్పుడే అర్థమైంది. మరునాడు పొద్దున పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. కుర్రవాడు, మొహమాటస్తుడు.

“ఏమనుకోకమ్మా, ఫిర్యాదొచ్చింది. నీ ఫ్లెక్సీల ఉంగరం గుర్తు దాచిపెట్టిన్రంట,” అన్నాడు.

“దాచుడేంది సారూ? నా ఏలికున్నది,” అని అమ్మ చేయి చాపి చూపించింది.

పటేలు పక్కనే ఉన్నాడు. కార్యదర్శికి విజ్ఞానం బోధించాడు. “గీళ్లకు దెల్వది సారూ. రొట్టె కోసమని సూస్తరు, ఉంగరం బుర్రల వడ్తది. ఓటేసే కాడ చెయ్యి దానంతటదే ఉంగరం మీదికి పోతది. పెద్ద పెద్ద కంపెనీలు గిట్లనే జేస్తయి.”

మా అమ్మను ఆ మాటతో పెద్ద పెద్ద కంపెనీల సరసన కూర్చోబెట్టిన ఘనత పటేలుదే. గొడవెందుకని కార్యదర్శి ఆ ఉంగరం మీద ఒక తెల్లకాగితం అతికించి వెళ్లాడు. దాంతో రోడ్డున పోయే ప్రతివాడూ ఆగి, కాగితం కింద ఏముందని అడగడం మొదలుపెట్టాడు. ఉంగరముందని అమ్మ చెప్పేది. పటేలుకు ఇది ఇంకా ప్రమాదంగా తోచింది.

నేను షాపులో కూర్చుని కంప్యూటర్‌లో ఉంగరం చెరిపేసి, కొత్త ఫ్లెక్సీ తెచ్చి కట్టాను. అమ్మ వేలి మీద నుంచి ఉంగరాన్ని తీయగలిగింది ఆ కంప్యూటర్ ఒక్కటే. అది చెరుపుతుంటే ఏడుపొచ్చింది. సేటు చూసి టీ తెప్పించాడు. ఇక పీడ పోయిందనుకున్నాను. పటేలు మళ్లీ వచ్చాడు, మళ్లీ కళ్లు చిన్నవి చేశాడు.

“ఉంగరం దీసినా అచ్చు వడ్డది పిల్లా. కండ్లకు కనవడే దానికంటె కనవడనిదే మస్తు పనిజేస్తది.”

“మరేం జెయ్యాలె పటేలా?” అన్నాను.

“గా చెయ్యే తీసెయ్యున్రి. ఫికరుండది.”

ఇక్కడ నాకు ఒళ్లు మండింది. లేని ఉంగరం లేదని ఎలా రుజువు చేయాలి? అసలు ఈయనకు అడ్డం ఉంగరమా, చేయా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అమ్మ నా మోచేయి పట్టుకుంది. షట్టరు కిరాయిదే. ఆ షట్టరు యజమాని పటేలు మాట జవదాటడు.

“తీసెయ్ బిడ్డ. పొయ్యి ఆరకుంటే సాలు,” అంది.

రొట్టె కొట్టే చేయి కోసం నెట్ అంతా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ప్రపంచంలో రొట్టె కొట్టే ఆడవాళ్లను ఎవరూ ఫొటో తీయలేదేమో. చివరికి గోధుమపిండి ముద్ద మీద వాలిన ఒక చేయి దొరికింది. పాలలా తెల్లగా ఉంది, మోచేతి దాకా ఎర్రగాజులు, గోళ్లకు రంగు. ఆ చేయి జీవితంలో జొన్నపిండిని ముట్టలేదని పిండిలో పనిచేసిన ఎవరైనా చెబుతారు. విసుగుతో దాన్నే రొట్టె మీద పెట్టి, కసికొద్దీ దండిగా పొగ కూడా పెట్టాను. కట్టిన తర్వాత అమ్మ తలెత్తి చూసింది.

“దీనికి గూడ ఉంగరమున్నది గదనే,” అంది.

నిచ్చెన దిగి చూశాను. నిజమే. ఎర్రరాయి పొదిగిన బంగారు ఉంగరం. బాపు పెట్టిన దానికి నాలుగింతలు ఉంటుంది, దూరం నుంచే మెరుస్తోంది. కోపంలో చేతిని చూశాను గానీ వేలిని చూడలేదు. పటేలు వచ్చేలోపు మార్చడానికి వీల్లేదు, ఆయన బండి చప్పుడు అప్పటికే వినపడుతోంది. వచ్చాడు. కళ్లు చిన్నవి చేశాడు.

“గిప్పుడు మంచిగున్నది,” అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

కార్యదర్శీ చూశాడు, ఉంగరం గుర్తు మీద నిలబడ్డ ఆమె మనుషులూ చూశారు, ఊరంతా చూసింది. ఆ ఎర్రరాయి ఎవరి కంటికీ ఆనలేదు. ఐసుముక్కలో పుర్రెను పట్టుకున్న కళ్లు అవే. నేను మార్చలేదు. ఎన్ని రోజులకు కనిపెడతారో చూద్దామని అలాగే ఉంచాను.

అప్పుడే ఒక వింత జరిగింది. ఊళ్లోవాళ్లు రొట్టెలకు రావడం మొదలుపెట్టారు. మొదట ఒకరిద్దరు, తర్వాత ఇంటింటి నుంచీ వచ్చారు. ఆఖరికి పటేలు కూడా బండి మీదే కూర్చుని, కాగితం ప్లేటులో రెండు రొట్టెలు, పచ్చిమిర్చి పచ్చడి పెట్టించుకుని తిన్నాడు. వాళ్లు వచ్చేది సాయంత్రాలే, అప్పటికి షాపు నుంచి వచ్చి గల్లా దగ్గర నేనే ఉండేదాన్ని, చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఇచ్చేదాన్ని. కాగితం గ్లాసుకు చెల్లెలు ప్లాస్టిక్ తొడుగు. అమ్మ గాలికి మంట చెదరకుండా రేకు అడ్డం పెట్టుకుని లోపల కొట్టేది. ఊరికి బుద్ధి వచ్చిందని నేను నిజంగానే నమ్మాను. ఆ మూడు నాలుగు రోజులు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. పటేలు మూడో రొట్టె అడుగుతూ ఆ సంబరం తీర్చాడు.

“కొత్తగ వెట్టిన మనిషి మంచిగ జేస్తాంది. ఎవల పిల్ల?”

కొత్త మనిషి ఎవరా అని ఒక క్షణం నాకు తోచలేదు. ఆయన కళ్లు ఫ్లెక్సీ వైపు లేచినప్పుడు అర్థమైంది. తెల్లటి చేయి, ఎర్రగాజులు. ఫ్లెక్సీ మీద ఉంటే మనిషి ఉండి తీరాలి కదా. మంచి ఇంటి పిల్లనెవరినో మేం పనికి పెట్టుకున్నామని ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చింది. రేకు వెనక నుంచి రొట్టె కొట్టే చప్పుడు వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను నవ్వుతూ చెప్పబోయి ఏడ్చాను. అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. మరునాడు పిండి ఎక్కువ పట్టించింది. గిరాకీ పెరిగిందిగా. అమ్మ ఆ తెల్ల చేతికి ఒప్పుకుందేమోనని నాకు భయం వేసింది, ఒప్పుకోకపోతే ఎలా బతుకుతామో కూడా తెలియలేదు.

ఎన్నికల్లో కత్తెర గెలిచింది. పోలింగ్ నాటికి అంత పెద్ద ఎర్రరాయి ఉంగరం రోడ్డు మీద మెరుస్తూనే ఉన్నా ఉంగరం చిత్తుగా ఓడింది. దాచిన బొమ్మల శాస్త్రం అబద్ధమని అనుకోవచ్చు. నేను మాత్రం అనుకోలేదు. ఆ ఉంగరం ఉన్న తెల్ల చేయి ఎలా పనిచేసిందో నా కళ్లతో చూస్తున్నాను కదా.

గెలిచిన వారానికి పటేలు వచ్చాడు. ఎవరూ లేని వేళ. మెడలో దండ లేకపోయినా ఉన్నట్టే నడుస్తున్నాడు. ప్లేటు తీసుకుని, సగం రొట్టె తిని, అసలు సంగతి చెప్పాడు.

“మా ఇంట్ల దావత్ వెట్టుకున్నం. గా పిల్లను జర బైటికి పిలువు. ఇంట్లకే వచ్చి రొట్టెలు జెయ్యాలె, మాట్లాడుకుందాం.”

రేకు పక్కకు జరిగింది. అమ్మ వచ్చింది. మోచేతుల దాకా పిండి, వేలికి వెండి ఉంగరం.

“నేనే పటేలా. ఎన్నడు రమ్మంటవు?”

ఆయన అమ్మ చేయి చూశాడు. తలెత్తి ఫ్లెక్సీ చూశాడు.

“మరి గా బొమ్మల చెయ్యి?”

“గది నెట్ల దొరికిందంట. గామె ఎవలో మాకు దెల్వది. నువ్వు తిన్నయన్నీ గీ చెయ్యి జేసినయే. ఇంట్లకు రమ్మంటివి గద, ఏ దినమో చెప్పు.”

పటేలు నోట్లో ముద్ద ఉంది. మింగాడు. ఉమ్మడానికి మర్యాద అడ్డం వచ్చిందో, రుచి అడ్డం వచ్చిందో నాకు తెలియదు. మిగిలిన సగం రొట్టెను బల్ల మీద పెట్టి, ఇంట్లో అడిగి చెబుతానని వెళ్లిపోయాడు. దావత్‌కు ఆత్మకూర్ నుంచి రొట్టెలు తెప్పించుకున్నారు. తాను తిన్న సంగతి బయటపడుతుందని కాబోలు, ఆ రొట్టెలు ఎవరు చేశారో ఊళ్లో ఎవరితోనూ ఒక్క మాట కూడా అనలేదు.

పటేలు సగం రొట్టె వదిలి వెళ్లిన సాయంత్రమే, ఆ ఫ్లెక్సీ విప్పమని అమ్మ నన్ను నిచ్చెన ఎక్కించింది.

“నా చెయ్యి నాకు వెట్టు బిడ్డ. ఉంగరంతోనే.”

“ఊరోళ్లు మళ్ల రారమ్మా.”

“రాకపోనీ. నేను సచ్చేదాక రేకెనక కూసుంటనా?”

వాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నాను. కొత్త పిల్ల పని మానేసిందని చెప్పు అంది. మరునాడే సేటుతో అమ్మ చేయి మళ్లీ ప్రింటు వేయించి కట్టాను. అమ్మ ఆ రేకును తీసి బయట పారేసి, పొయ్యిని రోడ్డు వైపుకు తెచ్చుకుంది. ఊళ్లోవాళ్లు చాలామంది మానేశారు. కొందరు, షుగరు మరీ ఎక్కువైనవాళ్లు, ఇంకా వస్తారు. అమ్మ చేతిని చూస్తూనే కట్టించుకుంటారు. ఆమె అడిగింది అంతే కాబట్టి ఆమెకు సంతోషమే.

వచ్చినవాళ్లు ఆ పిల్లను మాత్రం మరిచిపోలేదు. ఎక్కడికి పోయిందని, పెళ్లయిందా అని అడుగుతుంటారు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, ఆ పిల్ల చేతి రుచి మీ అమ్మకు రాలేదని నాతోనే అంటారు.